భారత స్వదేశీ ట్యాంకు విధ్వంసక క్షిపణులు, వాటి ప్రయోగ పద్ధతులు

ట్యాంకు విధ్వంసక క్షిపణి అంటే మందమైన కవచమున్న యుద్ధవాహనాన్ని దూరం నుంచే గురిపెట్టి ఛేదించే చిన్న క్షిపణి. మనిషి భుజాన మోసుకుపోగల పదిహేను కిలోల ఆయుధం నుంచి హెలికాప్టర్ రెక్క కింద వేలాడే బరువైన దాని వరకు ఈ కుటుంబంలో చాలా రకాలున్నాయి. భారతదేశంలో వీటి రూపకల్పన ఎక్కువగా హైదరాబాదులో జరుగుతుంది. అక్కడి రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల (డీఆర్‌డీఎల్), రీసెర్చ్ సెంటర్ ఇమారత్ (ఆర్‌సీఐ) ఈ పనికి మూలస్థానాలు. ఉత్పత్తి భారత్ డైనమిక్స్ లిమిటెడ్ (బీడీఎల్) చేతిలో ఉంది.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాను మధ్యలో పెట్టుకుని పటం చూస్తే ఈ రంగం భౌగోళికంగా ఎంత దగ్గరదో తెలుస్తుంది. పావగడ కర్ణాటకలోనే ఉన్నా చుట్టూ ఎక్కువ భాగం అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల నేలే. ఇళ్లలో, సంతలో తెలుగు ధారాళంగా వినబడే తాలూకా ఇది. దీనికి పడమట చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె దగ్గర వరవు కావలులో డీఆర్‌డీఓ వైమానిక పరీక్షా క్షేత్రం ఉంది. 2017 మేలో లాంఛనంగా ప్రారంభమైన ఈ క్షేత్రంలో పైలట్ లేని విమానాలను ఎగరేసి చూస్తారు. దక్షిణాన ఇదే తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) హెలికాప్టర్ ఫ్యాక్టరీ ఉంది. ఉత్తరాన కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో డీఆర్‌డీఓ బహిరంగ పరీక్షా క్షేత్రం, ఇంకా పైకి పోతే హైదరాబాదు. పావగడలో మాత్రం క్షిపణి కర్మాగారం ఏదీ లేదు. ఆ తాలూకా పేరు దేశానికి తెలిసింది తిరుమణి, వళ్ళూరు పరిసరాల్లో రైతుల నుంచి కౌలుకు తీసుకున్న పదమూడు వేల ఎకరాల్లో వెలసిన 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కుతో. అయినా డ్రోను, హెలికాప్టరు, భుజం మీది లాంచరు అనే మూడు ప్రయోగ వేదికలకు సంబంధించిన నేలలు ఈ తాలూకా చుట్టూనే పరుచుకుని ఉన్నాయి.

ఈ క్షిపణులను పోల్చేటప్పుడు సాధారణంగా ఎంత దూరం పోతుంది, ఎంత మందం కవచాన్ని చీలుస్తుంది అన్న అంకెలను పక్కపక్కన పెడతారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దాన్ని ఎక్కడి నుంచి పేలుస్తారు? మిగతా లక్షణాలన్నీ ఆ జవాబు నుంచే పుడతాయి.

లావు, బరువు, మోసే వాహనం

ట్యాంకు కవచాన్ని చీల్చేది క్షిపణి వేగం కాదు. దాని తలలో రాగి శంకువు వెనుక అమర్చిన పేలుడు మందు ఒక్కసారిగా పేలి ఆ రాగిని సన్నని ధారగా మార్చి, సెకనుకు ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల వేగంతో ముందుకు తోస్తుంది. ఆ ధార ఉక్కును తొలుచుకుంటూ లోపలికి పోతుంది. ఎంత లోతుకు పోతుందన్నది ప్రధానంగా శంకువు వ్యాసాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి లోతు కావాలంటే క్షిపణి లావు పెరగాలి. లావు పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే మనిషి మోయలేడు, వాహనం కావాలి. ఈ గొలుసు నుంచి ఏ దేశ శాస్త్రవేత్తకూ తప్పించుకునే దారి లేదు.

ట్యాంకుల వాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టారు. కవచం పైన పేలుడు పలకలు తొడిగారు. రాగి ధార తగలగానే పలక పేలి ఆ ధారను చెదరగొడుతుంది. దానికి ప్రతిగా క్షిపణుల్లో జంట వార్‌హెడ్లు వచ్చాయి. ముందున్న చిన్నది పలకను పేల్చేస్తుంది, వెనుకున్న పెద్దది అసలు కవచాన్ని తొలుస్తుంది. నేటి భారతీయ క్షిపణుల్లో ఎక్కువ వాటికి ఇదే ఏర్పాటు. రెండో ఉపాయం పైనుంచి కొట్టడం. ట్యాంకు కవచం ముందు భాగంలో బాగా మందంగా, పైకప్పు మీద పలుచగా ఉంటుంది. క్షిపణి పైకి లేచి ఏటవాలుగా దిగితే చిన్న వార్‌హెడ్ కూడా పని ముగించగలదు. భుజాన మోసే ఆయుధాలకు ఈ పద్ధతి ప్రాణం పోసింది.

తీగ నుంచి సొంత కన్ను దాకా

తొలి తరంలో క్షిపణి వెనుక సన్నని తీగ ఉండేది. సైనికుడు కంటితో క్షిపణినీ ట్యాంకునూ రెండింటినీ చూస్తూ, చేతిలోని పిడితో దాన్ని ట్యాంకు దాకా నడిపించాలి. ఎంతో సాధన ఉంటే తప్ప గురి కుదరదు. డీఆర్‌డీఎల్ 1960లలోనే ఇలాంటి క్షిపణి మీద పని చేసింది. కానీ సైన్యానికి చేరింది ఫ్రెంచి ఎస్‌ఎస్-11బి1. దాన్ని లైసెన్సు మీద తయారు చేయడానికే 1970లో హైదరాబాదులో బీడీఎల్ పుట్టింది. దేశంలో క్షిపణి ఉత్పత్తి సంస్థకు ట్యాంకు విధ్వంసక క్షిపణే తొలి ఉత్పత్తి కావడం గమనించదగ్గది.

రెండో తరంలో సైనికుడి పని తేలికైంది. దూరదర్శిని గీతను ట్యాంకు మీద నిలిపి ఉంచితే చాలు, క్షిపణిని ఆ గీత మీదికి తెచ్చే పని యంత్రం చూసుకుంటుంది. ఫ్రెంచి, జర్మన్ ఉమ్మడి రూపకల్పన అయిన మిలాన్, సోవియట్ కొంకుర్స్ ఈ కోవకే చెందుతాయి. మిలాన్ దాదాపు రెండు కిలోమీటర్లు, కొంకుర్స్ దాదాపు నాలుగు కిలోమీటర్లు పోతాయి. రెంటినీ బీడీఎల్ లైసెన్సు మీద తయారు చేసింది. టీ-90 ట్యాంకు 125 మి.మీ. తుపాకీ గొట్టం నుంచి పేలే రష్యన్ ఇన్వార్ కూడా అలాగే వచ్చింది. ఇవి స్వదేశీ రూపకల్పనలు కావు. అయినా వీటిని చిన్నచూపు చూడడం తగదు. దశాబ్దాల పాటు సరిహద్దు సైనికుడి చేతిలో ఉన్నవి ఇవే. గైరోలు, మోటార్లు, పేలుడు పదార్థాల నింపుడు వంటి పనుల్లో హైదరాబాదు, సంగారెడ్డి కార్మికులకు పనితనం నేర్పినవీ ఇవే. 2021 మార్చిలో కూడా 4,960 మిలాన్-2టి క్షిపణుల కోసం రక్షణ శాఖ బీడీఎల్‌తో 1,188 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఆ లైసెన్సు ఉత్పత్తి అనుభవం మీద బీడీఎల్ సొంతంగా అమోఘ పేరుతో కూడా క్షిపణి రూపొందించింది.

రెండో తరానికి తీరని లోపం ఒకటుంది. మిలాన్ రెండు కిలోమీటర్లు పోవడానికి పది సెకన్ల పైనే పడుతుంది. అంతసేపూ సైనికుడు కదలకుండా గీత పట్టుకుని కూర్చోవాలి. క్షిపణి లేచిన చోటు పొగ, మెరుపుతో శత్రువుకు తెలిసిపోతుంది. శత్రువు ఆ వైపు గుళ్ల వాన కురిపిస్తే గురి చెదురుతుంది, లేదా మనిషే పోతాడు. మూడో తరం ఈ బాధను తప్పించింది. దీనిలో క్షిపణి ముక్కులోనే కన్ను ఉంటుంది. దాన్ని సీకర్ అంటారు. ట్యాంకు బొమ్మను దానికి ఒకసారి చూపించి వదిలితే మిగతా దారి అదే చూసుకుంటుంది. సైనికుడు వెంటనే చోటు మారిపోవచ్చు. దీన్నే ఫైర్ అండ్ ఫర్గెట్ పద్ధతి అంటారు. నాగ్ ఈ తరానిది.

నాగ్, నామికా

1983లో డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం నాయకత్వంలో సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. కేటాయింపు 388 కోట్ల రూపాయలు. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్‌లతో పాటు ఐదోది నాగ్. అయిదింటిలో ఇదే చిన్నది. పూర్తికావడానికి ఎక్కువ కాలం పట్టిన వాటిలోనూ ఇదొకటి. 1990లో తొలి పరీక్ష జరిగితే, చివరి వినియోగదారు పరీక్ష 2020 అక్టోబరు 22న పోఖ్రాన్‌లో నిజమైన వార్‌హెడ్‌తో జరిగింది. మధ్యలో ముప్ఫై ఏళ్లు గడిచాయి.

ఆలస్యానికి కారణాలు చాలా చెప్పవచ్చు, కానీ సాంకేతికంగా అన్నింటికంటే పెద్ద చిక్కు ఎండ. నాగ్ సీకర్ పరారుణ బొమ్మతో చూస్తుంది. అంటే వెలుగును కాక వేడిలోని తేడాను చూస్తుంది. రాత్రివేళ, చలికాలంలో ఇంజన్ వేడితో ట్యాంకు బొమ్మ స్పష్టంగా వెలుగుతుంది. మే నెల మధ్యాహ్నం థార్ ఎడారిలో ఇసుక, రాయి, ట్యాంకు అన్నీ దాదాపు ఒకే వేడికి చేరుకుంటాయి. అప్పుడు సీకర్‌కు ట్యాంకు చుట్టుపక్కల నేలలో కలిసిపోతుంది. పావగడ గుట్టల మధ్య వేసవి గడిపిన వారికి ఇది కొత్త విషయం కాదు. సూర్యుడు దిగిపోయాక కూడా బండరాళ్లు రాత్రి చాలాసేపటి దాకా సెగ కక్కుతూనే ఉంటాయి. అలాంటి నేలలో నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి కేవలం వేడి తేడాతో ట్యాంకును గుర్తుపట్టమంటే సీకర్‌లోని గ్రాహకం అతి సున్నితంగా ఉండాలి. పాత సీకర్‌కు ఎండవేళ పూర్తి దూరం అందలేదు. ఇంకా పదునైన సీకర్‌ను ఆర్‌సీఐ తయారు చేసి, దాన్ని ఎడారి వేసవిలోనే నిరూపించవలసి వచ్చింది. 2019 జులైలో పోఖ్రాన్‌లో జరిగిన వేసవి పరీక్షల ప్రాముఖ్యం అందుకే. ఐరోపా చలిదేశాల కోసం రూపొందిన క్షిపణికి ఈ పరీక్ష అంత తొందరగా ఎదురుకాదు. కాలయాపన పేరుతో నాగ్‌ను విమర్శించేటప్పుడు ఈ సంగతిని గుర్తుంచుకోవడం న్యాయం.

నాగ్ బరువు సుమారు 43 కిలోలు, వ్యాసం 190 మిల్లీమీటర్లు, వార్‌హెడ్ 8 కిలోలు, పరిధి అర కిలోమీటరు నుంచి నాలుగు కిలోమీటర్లు. పేల్చక ముందే లక్ష్యాన్ని పట్టుకుంటుంది. పైనుంచీ, ఎదురుగానూ కొట్టగలదు. 43 కిలోల క్షిపణిని సైనికుడు మోయలేడు కనుక బీఎంపీ-2 సారథ్ గొలుసు చక్రాల వాహనం ఆధారంగా నామికా అనే వాహకం తయారైంది. దాని లాంచరు పైకి లేచే అమరికలో ఆరు క్షిపణులు సిద్ధంగా ఉంటాయి. వాహనం నీటిలో కూడా ఈదగలదు. సారథ్ వాహనాలను తయారు చేసే ఫ్యాక్టరీ సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉంది. బీడీఎల్ భానూరు కర్మాగారం కూడా అదే జిల్లాలో ఉండడంతో వాహనమూ క్షిపణీ రెండూ ఇరుగుపొరుగున రూపుదిద్దుకునే వీలు ఏర్పడింది. 2025 మార్చిలో నాగ్ క్షిపణి వ్యవస్థ కోసం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌తో రక్షణ శాఖ 1,801.34 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. దానికి కొద్ది వారాల ముందే, జనవరిలో, నాగ్ మార్క్-2 పోఖ్రాన్ క్షేత్ర పరీక్షల్లో దగ్గరి దూరం, గరిష్ఠ దూరం రెండింటిలోనూ లక్ష్యాలను కొట్టింది.

ట్యాంకు గొట్టం నుంచి

అర్జున్ ట్యాంకు 120 మి.మీ. తుపాకీ నుంచి పేలే క్షిపణి వేరే దారిలో వచ్చింది. దీన్ని పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ, అక్కడి హెచ్‌ఈఎమ్‌ఆర్‌ఎల్, డెహ్రాడూన్ ఐఆర్‌డీఈ కలిసి రూపొందించాయి. 2020 సెప్టెంబరులో అహ్మద్‌నగర్ దగ్గరి కేకే రేంజిలో అర్జున్ నుంచి పేల్చితే మూడు కిలోమీటర్ల దూరంలోని లక్ష్యాన్ని తాకింది. దీని పరిధి ఒకటిన్నర నుంచి ఐదు కిలోమీటర్లు. ఇక్కడ వేదికే అన్నీ నిర్ణయించింది. గొట్టం లావు 120 మిల్లీమీటర్లు కాబట్టి క్షిపణి అంతకు మించి లావు ఉండకూడదు. రెక్కలు మడిచి లోపల పెట్టాలి. గుండు పేలినప్పటి తాకిడిని లోపలి ఎలక్ట్రానిక్స్ తట్టుకోవాలి. జంట వార్‌హెడ్‌కు చోటు కుదరడం కష్టం. దగ్గరి లక్ష్యాలను కొట్టడం మరీ కష్టం. సీకర్ పరారుణ బొమ్మతో కాక లేజర్‌తో పనిచేస్తుంది. ట్యాంకు సిబ్బంది లేజర్ చుక్కను చివరిదాకా లక్ష్యం మీద నిలపాలి. అంటే పేల్చి వెళ్లిపోయే సౌకర్యం లేదు. కానీ పేల్చేవాడు యాభై టన్నులకు పైబడిన ఉక్కు లోపల కూర్చుని ఉంటాడు. మిలాన్ సైనికుడికి లేని రక్షణ అతనికి ఉంది కనుక ఆ లోపం ఇక్కడ అంత పెద్దది కాదు.

భుజం మీద: కర్నూలు పరీక్షలు

పదాతి సైనికుడి చేతిలో పెట్టగల క్షిపణి ఈ కుటుంబంలో అన్నింటికంటే కఠినమైన సమస్య. నాగ్‌లోని కన్ను, జంట వార్‌హెడ్, పైనుంచి దాడి అన్నీ ఉండాలి, బరువు మాత్రం మూడో వంతుకు దిగాలి. ఎంపీఏటీజీఎం అనే ఈ క్షిపణి బరువు పదిహేను కిలోల లోపు, పరిధి రెండున్నర కిలోమీటర్లు. ముక్కాలి పీట మీద అమర్చి పేలుస్తారు. గొట్టం నుంచి ఒక చిన్న మోటారు దాన్ని నెమ్మదిగా బయటికి నెడుతుంది. సైనికుడికి కొంత దూరం పోయాకే ప్రధాన మోటారు రగులుకుంటుంది. లేకపోతే దాని మంట పేల్చినవాడినే కాల్చేస్తుంది.

2019 సెప్టెంబరు 11న కర్నూలు పరీక్షా క్షేత్రంలో ఈ క్షిపణి ముక్కాలి లాంచరు నుంచి లేచి, ట్యాంకును పోలిన లక్ష్యాన్ని పైనుంచి కొట్టింది. ఆంధ్ర నేల మీద ఈ ఆయుధం నిరూపించుకోవడం చిన్న విషయం కాదు. హైదరాబాదు ప్రయోగశాలకు అందుబాటు దూరంలో బహిరంగ క్షేత్రం ఉంటే, ఉదయం తేలిన లోపాన్ని సరిదిద్దడానికి రాజస్థాన్ నుంచి సామాను తిప్పి పంపక్కర్లేదు. 2018 నుంచి 2022 వరకు డీఆర్‌డీఓ అధ్యక్షుడిగా ఉన్న నెల్లూరు జిల్లా వాసి డాక్టర్ జి. సతీశ్ రెడ్డి హయాంలో ఈ పరీక్షలు ఊపందుకున్నాయి. 2024లో పోఖ్రాన్‌లో వార్‌హెడ్ పరీక్షలు కూడా జరిగాయి.

ఈ క్షిపణికి ఎదురుగా నిలబడ్డవి విదేశీ ఆయుధాలు. 1996లో అమెరికా సైన్యంలో చేరిన జావెలిన్, ఇజ్రాయెల్ స్పైక్ దాని పోటీదారులు. 2014లో భారత్ స్పైక్‌ను ఎంచుకుంది. 2017లో స్వదేశీ క్షిపణికి అవకాశం ఇవ్వాలని ఆ పెద్ద కొనుగోలును పక్కన పెట్టింది. 2019లో సరిహద్దు ఉద్రిక్తత తర్వాత అత్యవసరంగా కొద్ది సంఖ్యలో మళ్లీ స్పైక్‌నే కొన్నది. స్వదేశీ అభివృద్ధి ఆలస్యమైతే మూల్యం చెల్లించేది సరిహద్దున నిలబడ్డ జవాను. ఎంపీఏటీజీఎం గురించి మాట్లాడేటప్పుడు ఆ వైపు నుంచి కూడా చూడాలి. అయినా 2017 నిర్ణయం సరైనదేనని ఈ వ్యాసం అభిప్రాయం. లక్షలాది పదాతి సైనికుల చేతికి ఇవ్వాల్సిన ఆయుధాన్ని ఎప్పటికీ బయటి నుంచి కొనుక్కుంటూ పోలేం.

ఆకాశం నుంచి: తుమకూరు వైపు

హెలికాప్టర్ నుంచి పేల్చడానికి నాగ్‌కు రూపాంతరంగా హెలీనా వచ్చింది. వాయుసేన రూపానికి ధ్రువాస్త్ర అని పేరు. పరిధి ఏడు కిలోమీటర్లు. 2021 ఫిబ్రవరిలో ధ్రువ్ హెలికాప్టర్ నుంచి అయిదు పరీక్షలు జరిగాయి: హెలికాప్టర్ గాలిలో నిలిచి ఉండగా, పూర్తి వేగంతో ముందుకు పోతుండగా, కదిలే లక్ష్యాల మీద, నిలిచిన లక్ష్యాల మీద. 2022 ఏప్రిల్‌లో ఎత్తయిన పర్వత ప్రాంతంలో పరీక్షించారు. పల్చని గాలిలో హెలికాప్టర్ మోయగలిగే బరువు తగ్గిపోతుంది కనుక ఒక్కో క్షిపణి బరువూ అక్కడ లెక్కలోకి వస్తుంది. లద్దాఖ్ వైపు చూసే సైన్యానికి ఈ పరీక్షే అన్నింటికంటే అవసరమైనది.

హెలికాప్టర్‌కు ఒక ప్రమాదం ఉంది. ఏడు కిలోమీటర్ల దూరంలోని ట్యాంకును సీకర్ పేల్చక ముందే చూడాలంటే హెలికాప్టర్ కొంతసేపు బయటపడి నిలబడాలి. శత్రువు విమాన విధ్వంసక ఆయుధాలకు ఆ సమయం చాలు. శాంట్ దీనికి మందుగా వచ్చిన క్షిపణి. ఆర్‌సీఐ రూపొందించిన మిల్లీమీటర్ వేవ్ రాడార్ సీకర్ దానిలో ఉంది. పరిధి పది కిలోమీటర్లు. పొగ, దుమ్ము, వేడి తేడా లేకపోవడం దానికి అడ్డు కావు. 2021 డిసెంబరు 11న పోఖ్రాన్‌లో వాయుసేనతో కలిసి పరీక్షించారు. పరారుణానికి ఎండ పెట్టిన చిక్కుకు రాడార్ కన్ను మరో దారి చూపింది. ఈ రెండు సీకర్లూ ఒకే నగరంలో తయారుకావడం హైదరాబాదు బలానికి గట్టి సాక్ష్యం.

ఈ క్షిపణులను మోయాల్సిన తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ ప్రచండ్ 2022 అక్టోబరు 3న జోధ్‌పూర్‌లో వాయుసేనలో చేరింది. ఇది ఐదు వేల మీటర్ల ఎత్తున దిగి లేవగలదు. 2025 మార్చిలో 156 ప్రచండ్‌ల కోసం హెచ్‌ఏఎల్‌తో 62,700 కోట్ల రూపాయల ఒప్పందాలు కుదిరాయి. వాటిలో 90 సైన్యానికి, 66 వాయుసేనకు. తయారీ బెంగళూరు, తుమకూరు ప్లాంట్లలో. గుబ్బి తాలూకా బిదరెహళ్ల కావలులో 615 ఎకరాల్లో ఉన్న ఈ ప్లాంటుకు 2016 జనవరిలో శంకుస్థాపన, 2023 ఫిబ్రవరి 6న ప్రారంభోత్సవం జరిగాయి. తొలుత తేలికపాటి సాధారణ ప్రయోజన హెలికాప్టర్లను ఏడాదికి ముప్ఫై చొప్పున తయారు చేసే లక్ష్యంతో మొదలైంది. పావగడలో ఐటీఐ చదివిన కుర్రవాడికి ఇప్పుడు సొంత జిల్లాలోనే యుద్ధ హెలికాప్టర్ ఫ్యాక్టరీ ఉంది.

డ్రోన్ కింద

వేదికల్లో చివరిది, వేగంగా మారుతున్నది డ్రోన్. 2020 నగొర్నో-కరబఖ్ యుద్ధంలో, 2022 నుంచి ఉక్రెయిన్‌లో ట్యాంకులకు పైనుంచి వచ్చే ముప్పు ఎంతటిదో ప్రపంచం చూసింది. 2025 జులైలో కర్నూలు పరీక్షా క్షేత్రంలో యూఎల్‌పీజీఎం-వీ3 అనే క్షిపణిని డ్రోన్ నుంచి పేల్చి చూశారు. బరువు పన్నెండున్నర కిలోలు. పగలు నాలుగు కిలోమీటర్లు, రాత్రి రెండున్నర కిలోమీటర్లు. కవచాన్ని, పేలుడు పలకలను ఛేదించే వార్‌హెడ్‌తో పాటు, బంకర్లను కూల్చేది, రేకుముక్కలు వెదజల్లేది అని మూడు రకాలు మార్చి బిగించుకోవచ్చు. పేల్చాక కూడా రెండువైపులా సమాచారం సాగే లింకు ఉంది కనుక మధ్యలో లక్ష్యాన్ని మార్చవచ్చు. దాన్ని మోసిన డ్రోన్ బెంగళూరు సంస్థది.

దీని బరువునూ ఎంపీఏటీజీఎం బరువునూ పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదు. కానీ మొదటిదాన్ని పేల్చే మనిషి శత్రువు చూపుకు అందని చోట ఉంటాడు, రెండోదాన్ని పేల్చే మనిషి గోతిలో రెండున్నర కిలోమీటర్ల లోపు ఎదురుగా ఉంటాడు. ట్యాంకు పైకప్పును చేరడానికి భుజం మీది క్షిపణి పైకి ఎగసి దిగాలి, డ్రోన్ మొదటే పైన ఉంటుంది. అయితే డ్రోన్‌కు గాలి, వాన, రేడియో జామింగ్ అడ్డుపడతాయి. లింకు తెగితే అది గుడ్డిది. తెరలూ లింకులూ అక్కర్లేకుండా గోతిలోంచి పేలే ముక్కాలి లాంచరు, ఎండకు ఓర్చిన నాగ్, ఉక్కు చాటున కూర్చుని పేల్చే అర్జున్ సైన్యానికి ఇంకా కావలసినవే. వరవు కావలులో ఎగరేసి చూస్తున్న పైలట్ లేని విమానాలు పెద్దవై, ఎక్కువసేపు గాలిలో నిలిచి, ఇంకా బరువైన క్షిపణులు మోయగలిగేసరికి హెలికాప్టర్ చేస్తున్న పనిలో కొంత వాటికి బదిలీ అవుతుంది. అప్పటికి హెలీనా, శాంట్ సీకర్లను తేలిక చేయడమే హైదరాబాదు ప్రయోగశాలల ముందున్న తర్వాతి పని.